గొలుసు కలిసే చోటు

కేశవకు తిప్పేష్ మీద మొట్టమొదట కడుపు మండింది చెనిక్కాయల ఊరిమిండి కాడ.

గోపాలయ్య సార్ మధ్యాన్నం క్యారియర్ విప్పితే, పక్కన కూర్చున్నోళ్ళ ప్లేట్లలోకి ఆ వేరుశెనగ పచ్చడి రొంత రొంత వెయ్యంది తాను ముద్ద నోట్లో పెట్టుకోడు. మూడేండ్లుగా ఆ మొదటి స్పూను కేశవ ప్లేట్లోనే పడతా వచ్చింది. ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదది. సార్ చెయ్యి అలవాటుగా అటే పోయేది. ఆ పొద్దు మాత్రం చెయ్యి కేశవ ప్లేటు మీదుగా దాటిపోయి తిప్పేష్ ప్లేటు కాడ వంగింది.

"ఏమప్పా తిప్పేషూ, పదహారు చుక్కల గొలుసు ముగిసిందా? కరెంటు ఉండిందా?"

"ఉండింది సార్. కరెంటు పోలేదంటే నేనే నమ్మలేకపోయినా."

సార్ నవ్వినాడు. నవ్వుతానే రెండో స్పూను కేశవకు వేసినాడు. అది మొదటిదాని కన్నా పెద్దదే. అయినా కేశవ ఆ పొద్దు సగం అన్నం వదిలేసి లేచినాడు.

వీళ్ళ ముగ్గురిదీ ఫిజిక్సు. అనంతపురం ఊరి బయట యూనివర్సిటీలో గోపాలయ్య సార్ పాఠాలు చెప్తాడు, పరిశోధన చేసే పిల్లోళ్ళకు గైడుగా ఉంటాడు. కేశవది ఉరవకొండ పక్క పల్లె. సార్ దగ్గర చేరి నాలుగో ఏడు నడుస్తాండాది. తిప్పేష్‌ది రాయదుర్గం అవతల కన్నడ దేశానికి ఆనుకొని ఉండే ఊరు. గొర్లు మేపే ఇంట్లోంచి వచ్చినాడు, చేరి ఏడాదిన్నర. ఇద్దరికీ హాస్టల్లో ఒకటే గది. నీళ్ళు వచ్చిన పొద్దు ఎవరు ముందు లేస్తే వాళ్ళు ఇద్దరి బకెట్లూ పట్టి పెట్టేవాళ్ళు. తిప్పేష్ మాటల పుట్ట. కేశవ నోరు తెరిపించాలంటే సార్‌కే కష్టం.

వాళ్ళు చేసే పని కంటికి ఆనేది కాదు. కాయితం మీద వరసగా చుక్కలు. చుక్కకూ చుక్కకూ నడుమ ఒక లింకు. ఒక లింకు బిగువు, దాని పక్కది వదులు, మళ్ళీ బిగువు, మళ్ళీ వదులు. అదీ గొలుసు. దాని మీద ఎలక్ట్రాన్లు చుక్క నుంచి చుక్కకు దుముకుతా ఉంటాయి. రెండు కొనల్లోనూ వదులు లింకే ఉండేటట్టు పెడితే, కొన చుక్కలు రెండూ జత లేకుండా ఒంటిగా మిగిలిపోతాయి. లింకుల్ని రొంత అటూ ఇటూ గుంజినా ఆ ఒంటితనం పోదు. ఎందుకు పోదో తెలియాలంటే రెండు కొనల్నీ కలిపి గొలుసును కడియం చేసి, కలిసిన చోట ఒక మెలికను పెట్టి, దాన్ని మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాల. అప్పుడు వచ్చే లెక్క సున్నా అన్నా కావాల, అర చుట్టు అన్నా కావాల. నడిమధ్యలో ఏదీ రాదు. అర చుట్టు వచ్చిందంటే కొనల్లో ఒంటి చుక్కలు ఉన్నట్టే. ఈ శాస్త్రానికి టోపాలజీ అని పేరు.

ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోకపోతే ఇదంతా ఎప్పుడో తేలిపోయిన సంగతి. నిజానికి అవి పక్కపక్కన ఇమడవు, తోసుకుంటాయి. ఆ తోపులాటను కూడా లెక్కలోకి తెస్తే అర చుట్టు అర చుట్టుగానే నిలుస్తుందా? ఎంత తోపులాట దాకా నిలుస్తుంది? అదీ సార్ ఇచ్చిన ప్రశ్న.

కేశవ దాన్ని చేత్తో పట్టుకున్నాడు. చిన్న గొలుసులు తీసుకొని, లైను తర్వాత లైను, పాత ప్రశ్నపత్రాల వెనకపక్క రాసుకుంటా పోయినాడు. పల్లె బడిలో అట్ల నేర్చుకున్నోడు. మూడేండ్లలో ఎనిమిది చుక్కల దాకా వచ్చినాడు. తిప్పేష్ వచ్చి, ఆరు నెలలు కేశవ దగ్గరే కూర్చొని అంతా నేర్చుకొని, ఒక ప్రోగ్రాము రాసి, పదహారు చుక్కల మీద ఎనిమిది ఎలక్ట్రాన్లను దుమికించినాడు. తోపులాట చాలా దూరం పెరిగేదాకా అర చుట్టు చెక్కు చెదరలేదు. బొమ్మ గీసి సార్ టేబుల్ మీద పెట్టినాడు. సార్ ఆ బొమ్మను గోడకు అంటించుకున్నాడు.

ఆ గోడ కేశవ కుర్చీకి ఎదురుగానే ఉంది.

సార్ ఇంకొక మాట కూడా చెప్పి ఉన్నాడు. ఆగస్టులో బెంగళూరు నుంచి సరళా మేడం వస్తుంది. ఈ రంగంలో పేరున్న మనిషి. ఇక్కడి నుంచి ఒకర్ని ఏడాది పాటు తన దగ్గర పెట్టుకుంటుంది. ఒక్కర్నే. "ఇద్దరూ ఆమె ముందర మీ మీ పని చెప్పండి. తర్వాత చూద్దాం," అన్నాడు. ఇదే మాట ఏడాది కిందట వచ్చుంటే 'చూద్దాం' అనే పని ఉండేది కాదు. డిపార్టుమెంటులో వరస అనేది ఒకటి ఉండాది. ముందు చేరినోడు ముందు పోతాడు. కేశవ ఆ వరస మీద భరోసా పెట్టుకొని బతుకుతాండినాడు.

ఉరవకొండ పక్క పల్లెల్లో వాన గట్టు చూసి పడుతుంది. ఒక చేను తడిసి, గట్టు అవతల చేను దుమ్ముగానే ఉంటుంది. చిన్నప్పుడు ఒకసారి గట్టు అవతలి సుంకప్ప చేన్లో వాన దంచి కొట్టి, సరిగ్గా గట్టు కాడికి వచ్చి ఆగిపోయింది. కేశవ వాళ్ళ నాయన ఆ గట్టు మీద కూర్చొని తడిసిన మట్టిని చూస్తా మాపటేల దాకా లేవలేదు. సద్ది ముట్టలేదు. ఇంటికొచ్చి, "సుంకప్ప మంచోడే," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొగం ఎట్లుండిందో, గోడ మీది బొమ్మను చూసేటప్పుడు తన మొగం కూడా అట్లే ఉంటాదని కేశవకు తెలుసు. అందుకే వంచిన తల ఎత్తేవాడు కాదు.

తల వంచుకున్నా కండ్లు ఊరుకోవు కదా. సార్ లోపలికి వస్తే ముందు ఎవరి టేబుల్ కాడ నిలబడతాడు, తిప్పేష్ భుజం మీద చెయ్యి ఎంతసేపు ఉంచుతాడు, వాని పేరు చివర ఎందుకట్ల సాగదీస్తాడు, అన్నీ చూసేవాడు. తిప్పేష్ గదిలో హాయిగా గురక పెట్టడం కూడా వాని మీద ఇంకొక నేరంగా కనిపించేది.

మేడం వచ్చేది శుక్రవారం. ఆ ముందటి ఆదివారం మధ్యాన్నం తిప్పేష్ క్షవరానికి ఊర్లోకి పోతే, కేశవ తిప్పేష్ లెక్కను తన పద్ధతిలో మొదలుపెట్టినాడు. నాలుగు చుక్కల కడియం, రెండు ఎలక్ట్రాన్లు, బిగువు లింకు విలువ ఒకటి, వదులు లింకుది సగం, తోపులాట లేదు, మెలిక లేదు. అన్నిటికన్నా తక్కువ శక్తి ఎంత వస్తుందో చూసినాడు. మైనస్ రెండు వచ్చింది.

సోమవారం పొద్దున ల్యాబులో ఊకే అడిగినట్టు అడిగినాడు.

"తిప్పేషా, నాలుగు చుక్కల కడియానికి నీ ప్రోగ్రాములో ఎంత వస్తుంది? రెండు ఎలక్ట్రాన్లు, బిగువు ఒకటి, వదులు సగం. తోపులాట లేకుండా, మెలిక లేకుండా."

తిప్పేష్ టకటకా కొట్టినాడు. "మైనస్ రెండు పాయింట్ రెండు మూడు ఆరు. ఏంటికన్నా?"

"ఏంలే. ఊకే."

కేశవ బయటికొచ్చి వరండాలో నిలబడినాడు. ఎండ గాలి మొగానికి కొడతాండాది. యాడ తప్పిందో అక్కడే పట్టేసినాడు. ఎలక్ట్రాన్లకు ఒక కట్టుబాటు ఉంది. ఒకటి ఇంకొకదాన్ని దాటిపోతే లెక్కకు ఒక మైనసు తగులుకుంటుంది. పక్క చుక్కకు దుమికేటప్పుడు ఎవర్నీ దాటేది ఉండదు. గొలుసు కలిసే చోట మాత్రం కడపటి చుక్క మీదిది మొదటి చుక్క మీదికి దుమకాల. అంటే వరసలో ఉండే మిగతావాటన్నిటినీ దాటినట్టు. మిగతావి సరిసంఖ్య అయితే మైనసులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బేసి అయితే ఒక మైనసు నిలుస్తుంది. తిప్పేష్‌వి ఎనిమిది ఎలక్ట్రాన్లు. ఒకటి దుమికితే మిగిలేవి ఏడు. బేసి. ఆ మైనసు తిప్పేష్ పెట్టలేదు. చిన్న గొలుసులో తప్పితే పెద్ద గొలుసులో తప్పదా? గోడ మీద బొమ్మ అంతా తప్పే.

చానా దినాల తర్వాత ఆ మధ్యాన్నం కేశవకు ఆకలైంది. క్యాంటీన్లో నాగలక్ష్మమ్మ రెండోసారి అన్నం పెడతా, "ఏమప్పా కేశవా, ఈ పొద్దు మాట్లాడేటట్టు ఉండావే," అన్నది. కేశవ నవ్వినాడు. ఆమె గరిటె పట్టుకొని అట్లే చూసింది.

ఎవరికీ చెప్పలేదు. సార్‌కు చెప్పలేదు. తిప్పేష్‌కు చెప్పలేదు. శుక్రవారం మేడం ముందరే లేవాల, అందరూ వింటాండంగా అడగాల. రాత్రుళ్ళు ఆ ప్రశ్నను ఎన్ని తీర్ల అడగొచ్చో మనసులో అనుకుంటా పండుకునేవాడు. ఇంకొక రొంత ముందుకు పోయి, ఆ మైనసు పెడితే జవాబు ఎంత మారుతుందో చూసుకోవాలని మాత్రం తోచలేదు. ఒక్కో లైను మూడు సార్లు సరిచూసుకునే మనిషి, తప్పు దొరికిన చోట అట్లే కూర్చుండిపోయినాడు.

బుధవారం తిప్పేష్ ఉగ్గాని బజ్జీ పొట్లం తెచ్చి కేశవ మంచం మీద పెట్టినాడు.

"అన్నా, నా లెక్క ఒకసారి చూడన్నా. మేడం ముందర పరువు పోతే మా ఊరి దావ కూడా పట్టలేను. సార్ చూస్తే బాగుండాది అంటాడు. నువ్వు చూస్తే తప్పు చెప్తావు."

"బాగానే ఉండాది లే."

"చూడకుండానే?"

"చూసినా. బాగుండాది."

తిప్పేష్‌కు ఊపిరి వచ్చినట్టయింది. "అయితే ఇంక భయం లేదు," అని మంచం మీద వాలి, బజ్జీలో మిరపకాయ తీసి కేశవ పక్క పెట్టినాడు. తనకు కారం పడదు. కేశవ ఆ మిరపకాయ తిన్నాడు.

శుక్రవారం పొద్దున మేడం వచ్చింది. నూలు చీర, భుజానికి గుడ్డ సంచి. గోడ మీది బొమ్మను దగ్గరికి పోయి చూసింది గాని ఏమీ అనలేదు. సెమినారు గదిలో సార్‌తో పాటు లెక్చరర్లు, ఎమ్మెస్సీ పిల్లోళ్ళు కూర్చున్నారు.

ముందు కేశవ చెప్పినాడు. బోర్డు నిండా చక్కగా రాసినాడు గాని మాట మాటకూ తడబడినాడు. మేడం శ్రద్ధగా విన్నది. చివర, "ఎనిమిది చుక్కలు చేత్తోనా?" అని అడిగింది. "అవును మేడం," అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ ఊపుకు అర్థం ఏమో కేశవకు తెలియలేదు.

తర్వాత తిప్పేష్. వాడు చేతులు తిప్పుతా చెప్పినాడు. "ఈ ఎలక్ట్రాన్లు మా రాయదుర్గం బస్సు మాదిరి మేడం. పక్కపక్కన కూర్చోలేవు, అట్లని దిగనూ దిగవు," అన్నాడు. మేడం గట్టిగా నవ్వింది. సార్ ఆమె నవ్వేది చూసి నవ్వినాడు. తోపులాట ఇంత పెంచినా అర చుట్టు నిలబడిందని చూపించి, తిప్పేష్ చాక్‌పీసు పెట్టేసినాడు.

కేశవ లేచినాడు. రాత్రుళ్ళు అనుకున్న తీర్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"కలిసే లింకు కాడ మైనసు యాడ?"

"ఏం మైనసు అన్నా?"

"ఎనిమిది ఎలక్ట్రాన్లు. ఒకటి ఏడింటిని దాటి మొదటికొస్తాండాది. మైనసు పెట్టినావా?"

తిప్పేష్ బోర్డు వైపు తిరిగినాడు. చూస్తాండంగానే వాని మెడ వెనక చెమట పట్టింది. కొత్తగా కత్తిరించిన వెంట్రుకల కింద తెల్లగా ఉండే చర్మం ఎర్రబారింది. గదిలో అందరికన్నా ముందు కేశవ దాన్నే చూసినాడు. చానా తృప్తి అయింది.

"పెట్టలేదు," అన్నాడు తిప్పేష్.

గోపాలయ్య సార్ కండ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. లెక్చరర్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"అయితే జవాబు తప్పంటారా?" మేడం కేశవను అడిగింది.

"తప్పే మేడం."

"ఎంత తప్పు? వచ్చి చూపించండి."

కేశవ బోర్డు కాడికి పోయినాడు. తిప్పేష్ పక్కకు జరిగి చాక్‌పీసు ఇచ్చినాడు. వాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. కలిసే లింకు కాడ తిప్పేష్ రాసిన మెలిక గుర్తు ఉంది. దాని ముందర కేశవ మైనసు పెట్టినాడు. గట్టిగా పెట్టినాడు, చాక్‌పీసు కొన విరిగింది. ఇప్పుడు ఈ మైనసును మెలికతో కలిపి రాయాల. మైనసు అంటే ఏమి? అర చుట్టు మెలిక. అది కాలేజీ పిల్లోళ్ళకూ తెలుసు. మెలికకు అర చుట్టు కలిపినాడు.

చెయ్యి ఆగింది.

మెలికను సున్నా నుంచి మొదలుపెట్టి ఒక చుట్టు తిప్పాలి కదా. మైనసు పెడితే అర చుట్టు కాడ మొదలై, ఒకటిన్నర కాడ ముగుస్తుంది. అంతే. తిరిగేది మాత్రం అదే పూర్తి చుట్టు. గుడి చుట్టూ తూర్పు వాకిలి కాడ మొదలుపెట్టినా, పడమటి గోడ కాడ మొదలుపెట్టినా ప్రదక్షిణం ప్రదక్షిణమే. మెలిక లేని ఒక్క చోట ఆగి శక్తి అడిగితే తేడా వస్తుంది. సోమవారం తాను అడిగింది అదే. చుట్టంతా తిరిగి లెక్క తీస్తే తేడా రాదు. తిప్పేష్ తీసింది అది. మైనసు మరిచిపోయినా వాని బొమ్మలో ఒక్క గీత కూడా మారదు.

ఈడనే చాక్‌పీసు పెట్టేసి, "కాబట్టి తప్పు," అని పోయి కూర్చోవచ్చు. సార్‌కు ఇప్పుడే తట్టదు. తిప్పేష్ ఉండే స్థితిలో వానికి వాని పేరు కూడా తట్టదు. మేడం సంగతి చెప్పలేము. ఆమె మొగం చూద్దామంటే వెనక్కి తిరగాల.

కేశవ తిరగలేదు. చెయ్యి తర్వాతి లైను రాసింది. మూడేండ్లు లైను కింద లైను రాసిన చెయ్యి అది, సగంలో నిలబడటం దానికి అలవాటు లేదు. మనసు మాత్రం వద్దు వద్దు అంటానే ఉంది. చివరి లైను కింద అడ్డగీత గీసి, బోర్డుకే చెప్తాండినట్టు, "తేడా రాదు," అన్నాడు. "మైనసు లేకపోవడం తప్పే. జవాబు సరిగానే ఉండాది."

"ఎందుకని?" అన్నది మేడం.

గుడి చుట్టూ తిరిగే మాటే చెప్పినాడు. ఈసారి తడబడలేదు.

మేడం సార్ వైపు తిరిగి, "ఈ వివరణ మీ రీసెర్చి పేపర్లో తప్పకుండా పెట్టండి. చదివినోళ్ళు ముందు ఇదే అడుగుతారు," అన్నది.

టీ తాగేటప్పుడు సార్ తన గదిలోకి ఇద్దర్నీ పిలిచినాడు. మేడం కిటికీ పక్కన కూర్చొని ఉంది.

"పేపర్లో మొదటి పేరు తిప్పేష్‌ది. అది ముగిసిన మాట," అన్నాడు సార్. "బెంగళూరుకు వరస చూస్తే కేశవ పోవాల. పని చూస్తే తిప్పేష్ పోవాల. మేడం ఎవరైనా సరే అంటాండాది. కేశవా, సీనియర్‌వి. నువ్వే చెప్పు."

ఏ మాట కోసం సార్ ఎదురు చూస్తాండాడో కేశవకు అర్థమైంది. ఆ మాట ఎంత అందంగా ఉంటుందో కూడా అర్థమైంది.

"నేనే పోతా సార్," అన్నాడు.

సార్ టీ గ్లాసు కింద పెట్టినాడు. మేడం మాత్రం మామూలుగా, "సరే, రండి. మా వాళ్ళకు మొదటి దినమే తిప్పేష్ లెక్క చెప్పాల మీరు. బోర్డు మీద చెప్పినట్టే. ఏడాది పాటు మనం చేసేది దాని మీదనే," అన్నది.

తిప్పేష్ కేశవను క్యాంటీన్‌కు తీసుకపోయినాడు. అలవాటుగా రెండు టీలు చెప్పి, బెంచీ మీద ఎదురుగా కూర్చున్నాడు.

"ఎప్పుడు చూసినావన్నా?"

"సోమారం."

"బుధవారం నేను అడిగినా కదా."

"అడిగినావు."

తిప్పేష్ గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పినాడు. "నిన్ను నోటికొచ్చినట్టు తిట్టల్లని ఉండాది. మొదలుపెడదామంటే నువ్వు ఆ చివరి లైను రాసింది అడ్డం వస్తాండాది. అది రాయకుంటే నేను ఈ మాపటికి గొర్ల వెనక ఉందును. ఏమని తిట్టేది, నువ్వే చెప్పు."

కేశవ ముందర టీ చల్లారిపోతాండాది. తిప్పేష్ చూపు బల్ల మీదికి దిగి, అక్కడే నిలిచింది. ఏదో కొత్తది తట్టినప్పటి ఆ చూపు కేశవకు తెలుసు. గదిలో, బస్సులో, నీళ్ళ కొళాయి కాడ, ఎన్నోసార్లు చూసినాడు.

"అది సరే గాని," అన్నాడు తిప్పేష్ మెల్లగా, "మైనసు మెలికలో కలిసిపోయిందంటే, మెలికనంతా ఆ ఒక్క లింకు కాడే ఏంటికి పెట్టల్ల? ప్రతి లింకుకూ రొంత రొంత పంచి పెడితే? అప్పుడు తోపులాటను కూడా..."

కేశవ ముందుకు వంగినాడు. మంచి ఆలోచన. చానా మంచి ఆలోచన. పొద్దున ఆ బోర్డు కాడ నిలబడింది తాను, మైనసును మెలికలో కలిపింది తాను. ఇది తనకు రాలేదు. బెంగళూరు చేతికొచ్చి గంట కాలేదు, అప్పుడే పాత మంట మళ్ళీ లేచింది.

"తోపులాటను కూడా?" అన్నాడు. తన గొంతులో ఆత్రం తనకే వినిపించింది.

తిప్పేష్‌కూ వినిపించినట్టుంది. తల ఎత్తి చూసినాడు. ఏడాదిన్నరగా తోచింది తోచినట్టు వాని నోట్లోంచి ముందు కేశవ చెవిలోనే పడేది. వాడు నోరు తెరిచి, మళ్ళీ మూసుకొని, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగినాడు.

"ఏమోలే అన్నా. నేనూ ఇంకా చూడల్ల," అని లేచి, నాగలక్ష్మమ్మతో ఏదో ఎగతాళి మాట్లాడతా ల్యాబు వైపు పోయినాడు.

కేశవ బెంచీ మీదనే కూర్చొని, వాడు చెప్పిన సగానికి మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆలోచించడం మొదలుపెట్టినాడు.